బొమ్మ, చుక్కలు, పౌనఃపున్యం: విజ్ఞానసర్వస్వంలో టెలివిజన్

బెంగుళూరు నగర జిల్లా దక్షిణపు కొసన ఉన్న ఆనేకల్ తాలూకాలో కన్నడం, తెలుగు, తమిళం మూడూ వినిపిస్తాయి. పొలిమేర దాటితే తమిళనాడులోని హోసూరు. ఇక్కడి తెలుగువారిలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదువుకున్నవారు. వారికి మాట తెలుగు, రాత కన్నడం. మాండలిక పదసేకరణ కోసం మేము ఈ ప్రాంతానికి పలుమార్లు వెళ్ళాము. సేద్యం, నేత, వంట మొదలైన వాటి పదాలే మా జాబితాలో ఉండేవి. టెలివిజన్ అందులో లేదు.

ఒకసారి ఆనేకల్ పేటలో టీవీలు బాగుచేసే ఒక పెద్దమనిషి దుకాణంలో కూర్చున్నాము. ముప్పై ఏళ్ళకు పైగా ఆయనది అదే వృత్తి. మా పని ఏమిటో చెప్పగానే, "మా పని గురించి కూడా తెలుగులో ఎవరైనా రాసినారా సార్?" అని అడిగారు. వాళ్ళబ్బాయి ఫోనులో తెలుగు వికీపీడియా తెరిచి ప్రసార సాంకేతికతకు సంబంధించిన ఒక వ్యాసం చూపించాడు. ఇద్దరికీ తెలుగు లిపి అంతగా రాదు కనుక మేమే చదివి వినిపించాము. రెండు వాక్యాలు సాగాయో లేదో, 'పౌనఃపున్యం' దగ్గర ఆయన చెయ్యెత్తారు. "అదేంది సార్?" ఫ్రీక్వెన్సీ అని చెప్పాము. "అట్ల చెప్పండి!" అని నవ్వి, ఆ తర్వాత పావుగంటసేపు ఆయనే మాకు పాఠం చెప్పారు.

"యానలాగ్ కాలంలో సిగ్నల్ తగ్గితే చుక్కలొస్తా ఉండె. చుక్కల్లోనే మనిషి బొమ్మ కనిపిస్తా ఉండె. ఇప్పుడు డిజిటల్ గదా, ఉంటే అద్దంమాదిరి ఉంటాది, లేకుంటే బొమ్మ నిలబడిపోతాది." రెండు ప్రసార పద్ధతుల మధ్య ఉన్న ప్రధానమైన తేడా ఈ నాలుగు మాటల్లో ఉంది. మేము చదివిన వ్యాసంలో పదాలన్నీ సక్రమంగానే ఉన్నాయి కాని ఈ తేడా లేదు. జీతం లేకుండా, ఒకరినొకరు చూడకుండా ఒక విజ్ఞానసర్వస్వాన్ని నిర్మిస్తున్న సంపాదకులు ఇటువంటి సాంకేతిక విషయాన్ని ఎలా పంచుకుంటారు, ఎక్కడ చిక్కుపడతారు, ఆ చిక్కుల్లో భాషాధ్యయనం చేసేవారి బాధ్యత ఎంత అన్నవి ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన అంశాలు.

'అ' నుంచి 'ట' దాకా

తెలుగులో విజ్ఞానసర్వస్వ రచనకు కొమర్రాజు వెంకట లక్ష్మణరావుగారు ఆద్యులన్నది అందరికీ తెలిసిందే. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిన వారిలో ముఖ్యులైన ఆయన, తరువాతి దశాబ్దంలో ఆంధ్ర విజ్ఞానసర్వస్వాన్ని తలపెట్టారు. వెలువడిన మూడు సంపుటాలు 'అ' అక్షరాన్ని దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశారు. అకారాది క్రమంలో నడిచే పుస్తకం 'అ' దగ్గర ఆగితే 'ట' ఎప్పటికి వచ్చేను? 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి ఈ ఇబ్బందిని గ్రహించిందో ఏమో గాని, తన విజ్ఞానసర్వస్వాన్ని విషయాలవారీగా, ఒక్కో శాస్త్రానికి ఒక్కో సంపుటంగా వెలువరించింది. ఎలా అమర్చినా అచ్చుపుస్తకానికి ఒక ప్రధాన సంపాదకుడుంటాడు, ఆరోపాల పట్టిక ఉంటుంది, ఎవరు ఏది రాయాలో ముందే తేలిపోతుంది. అచ్చయిన తరువాత దిద్దుబాటుకు మరో ముద్రణ దాకా ఆగవలసిందే.

2001లో ఆంగ్లంలో మొదలైన వికీపీడియా ఈ క్రమాన్ని తలకిందులు చేసింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. దానికి బీజం వేసినవారు వెన్న నాగార్జున. ఇందులో ప్రధాన సంపాదకుడు లేడు. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ వ్యాసాన్నయినా మొదలుపెట్టవచ్చు, దిద్దవచ్చు. ప్రతి దిద్దుబాటూ పుట చరిత్రలో నిలిచి ఉంటుంది. ప్రతి వ్యాసం వెనుకా ఒక చర్చాపుట ఉంటుంది. అందరికీ సంబంధించిన మాటలు మాట్లాడుకునే చోటుకు ఇక్కడి సంపాదకులు పెట్టుకున్న పేరు 'రచ్చబండ'. రెండు మూడు వాక్యాల చిన్న వ్యాసం 'మొలక'. అన్ని వ్యాసాల్లోనూ ఒకే తీరున వాడే అచ్చు 'మూస'. ఒకే పేరుగల అనేక విషయాలను విడదీసి చూపే పుట 'అయోమయ నివృత్తి'. పదకల్పన గురించి తరగతి గదిలో బోధించే మేము ఈ మాటలను చూసి సంతోషించాము. వీటిని ఏ పరిభాషా సంఘమూ కూర్చుని నిర్ణయించలేదు. పనిచేసేవారు పని కోసం పుట్టించుకున్నారు.

ఒకే రంగం మీద ఆసక్తి ఉన్నవారు కలిసి పనిని పంచుకునే ఏర్పాటును 'వికీప్రాజెక్టు' అంటారు. ఆంగ్ల వికీపీడియాలో టెలివిజన్ కేంద్రాలకు ప్రత్యేకంగా ఒక వికీప్రాజెక్టు ఉంది. ఏ వ్యాసాలు రావాలి, వాటికి ఏ పేరుండాలి, ఏ మూస వాడాలి, ఏ సమాచారానికి ఏ మూలం చెల్లుతుంది అన్నవి ఇటువంటి చోటే తేలుతాయి. పైకి ఇది గుమాస్తా పనిలాగా కనిపిస్తుంది. టెలివిజన్ విషయంలో ఇందులోని ఒక్కో నిర్ణయం వెనుక ఎంత ఆలోచన అవసరమో చూద్దాము.

కేంద్రం, ఛానల్, టవర్

ఆంగ్లంలోని 'స్టేషన్' అన్న మాట అమెరికా పరిస్థితులకు సరిపోతుంది. అక్కడ ఒక ఊరి టెలివిజన్ స్టేషన్‌కు ప్రభుత్వమిచ్చిన అక్షరాల గుర్తు ఉంటుంది, ఛానల్ సంఖ్య ఉంటుంది, సొంత టవర్ ఉంటుంది, సొంత కార్యక్రమాలూ ఉంటాయి. అన్నీ ఒకే సంస్థ కనుక ఒకే వ్యాసం చాలు. ఆంగ్ల వికీపీడియాలోని మూస ఆ వ్యవస్థను దృష్టిలో పెట్టుకుని తయారైంది. దాన్ని తెచ్చి మన దేశానికి తొడిగితే సగం గళ్ళు ఖాళీగా మిగులుతాయి.

మన దగ్గర ఇవి మూడు వేర్వేరు విషయాలు. కార్యక్రమాలు తయారయ్యే చోటు 'కేంద్రం'. హైదరాబాదులో రామంతాపూర్, బెంగుళూరులో జె.సి. నగర్ అటువంటివి. ప్రేక్షకుడు ఎంచుకుని చూసేది 'ఛానల్'. తరంగాలను గాలిలోకి వదిలే యంత్రం ప్రసారిణి. జనం మాటలో 'టవర్'. 1984 ప్రాంతంలో దూరదర్శన్ దేశమంతటా చిన్న ఊళ్ళలో తక్కువ శక్తిగల ప్రసారిణులను వేగంగా నెలకొల్పింది. వీటిలో అత్యధికం ఢిల్లీ నుంచి ఉపగ్రహం ద్వారా అందిన కార్యక్రమాన్ని తిరిగి ప్రసారం చేసినవే. సొంతంగా తయారు చేసినది లేదు. వీటికి ఒక్కోదానికి ఒక్కో వ్యాసం రాస్తే వందలాది మొలకలు పుట్టి, ఏదీ ఎదగదు. ఒక్క పట్టికలో ఒక్కో వరుసగా చేరిస్తే చదువరికి ఉపయోగం. ఇక ఈటీవీ, జెమిని వంటి ప్రైవేటు ఛానళ్ళకు నేలమీది ప్రసారిణులే లేవు. నేలమీది టెలివిజన్ ప్రసారం మన దేశంలో దూరదర్శన్‌కే పరిమితం. 1995లో మొదలైన ఆ రెండు ఛానళ్ళూ ఉపగ్రహం నుంచి కేబుల్ నిర్వాహకుడి డిష్‌కు, అక్కడినుంచి తీగ ద్వారా ఇంటికి చేరాయి. 'ప్రసార శక్తి ఎన్ని కిలోవాట్లు' అన్న గడి ఆ వ్యాసాల్లో అర్థంలేనిది.

ఈ విభజన ఆనేకల్ వంటి ఊరికి ఎందుకు ముఖ్యమో చెప్పాలి. టెలివిజన్ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే నేరుగా ప్రయాణిస్తాయి. నేల గుండ్రంగా ఉండటంవల్ల, 100 మీటర్ల ఎత్తున్న టవర్ నుంచి బయలుదేరిన తరంగం సమతలం మీద సుమారు 40 కిలోమీటర్ల దూరానికి నేలను ఒరుసుకుంటుంది. అంతకు మించిన దూరాన ఉన్నవారు ఏంటెనాను ఎత్తులో నిలపాలి. బెంగుళూరు కేంద్రం 1981లో మొదలైనప్పుడు, నగరానికి దాదాపు 35 కిలోమీటర్ల దూరంలోని ఆనేకల్ ఈ అంచు దగ్గర పడింది. ఇంటికప్పు మీద ఇనుప గొట్టం, దానికి ఏంటెనా, గాలివానకు అది తిరిగిపోతే పైకెక్కే కుర్రవాడు, కింద కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది, ఆపు" అని అరిచే ఇంటివారు: ఒక తరమంతా చూసిన ఈ దృశ్యానికి కారణం ఆ లెక్కే. ప్రసారిణి గురించిన వ్యాసంలో ఎత్తు, దూరం, శక్తి తప్పక ఉండాలి. ఛానల్ వ్యాసంలో వాటితో పని లేదు. ఏది ఎక్కడ ఉండాలో ముందే ఒప్పందం లేకపోతే నలుగురు సంపాదకులు నాలుగు చోట్ల ఒకే సంగతిని నాలుగు రకాలుగా రాస్తారు.

పేర్ల పంచాయితీ

తెలుగులో టెలివిజన్ అనగానే మూడు దగ్గరి మాటలు ఎదురవుతాయి. 'దూరదర్శన్' ఒక సంస్థ పేరు. 'దూరదర్శని' టెలివిజన్‌కు కల్పించిన పదం. 'దూరదర్శిని' నక్షత్రాలను చూసే పరికరం. ఒక్క గుడి తేడాతో ఇంట్లో ఉండే పెట్టె ఖగోళశాలకు చేరుతుంది. కన్నడంలో చూస్తే 'దూరదర్శన' టెలివిజన్‌కూ సంస్థకూ కూడా చెల్లుతుంది. నక్షత్రాలను చూసేది 'దూరదర్శక'. ఆనేకల్ చదువరి కన్నడ వ్యాసం నుంచి తెలుగు వ్యాసానికి లింకు పట్టుకుని వస్తాడు. ఆ లింకును కలిపిన సంపాదకుడు రెండు భాషలూ ఎరిగినవాడు కాకపోతే టెలివిజన్ చదవబోయినవాడు టెలిస్కోపు దగ్గర తేలుతాడు.

సంస్థ పేరు, వస్తువు పేరు కలిసిపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1935లో మైసూరులో ఎం.వి. గోపాలస్వామిగారు తమ ఇంట ప్రారంభించిన రేడియో కేంద్రానికి పెట్టిన 'ఆకాశవాణి' అన్న పేరు తరువాత దేశ రేడియో సంస్థకే పేరయింది. ఆకాశవాణి అంటే రేడియోయా, సంస్థా అన్న సందేహం వాడుకలో ఇబ్బంది పెట్టదు. సందర్భం చెబుతుంది. విజ్ఞానసర్వస్వంలో వ్యాసం పేరుకు సందర్భం ఉండదు. అందుకే అక్కడ అయోమయ నివృత్తి పుట కావాలి.

మరికొన్ని జంటలు చూడండి. తెలుగువారి 'బుల్లితెర' కన్నడిగులకు 'కిరుతెరె'. ఒకే ఊహ, రెండు అచ్చమైన దేశ్యపదాలు. మనం ఛానల్ అనేదాన్ని కన్నడ పత్రికలు 'వాహిని' అంటాయి. ఆ మాట తెలుగులో నదినో సేననో గుర్తుకు తెస్తుంది. మన 'తరంగదైర్ఘ్యం' కన్నడ పాఠ్యపుస్తకంలో 'తరంగదూర'. మన 'పౌనఃపున్యం' అక్కడ 'ఆవృత్తి'. ఈ చివరి జంటలో రెండు మాటల అర్థం ఒకటే. పునఃపునః, అంటే మళ్ళీ మళ్ళీ జరగడం, పౌనఃపున్యం. పునరావృత్తి తెలిసినవారికి ఆవృత్తి కూడా తెలిసినట్టే. వ్యాసం మొదట్లోనే 'ఒక సెకనులో తరంగం ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క పౌనఃపున్యం, వాడుకలో ఫ్రీక్వెన్సీ' అని ఒక్క వాక్యం ఉంటే దుకాణంలో ఆ పెద్దమనిషి చెయ్యెత్తవలసిన అవసరం రాకపోను.

ఈ విషయంలో మా అభిప్రాయం స్పష్టం. వ్యాసానికి పేరు ఏదైనా ఒకటే ఉండాలి. మిగిలిన పేర్లన్నిటి నుంచీ దారిమార్పులు ఉండాలి. పాఠ్యపుస్తకం పదాన్ని తోసివేయరాదు, ఎందుకంటే తెలుగు మాధ్యమంలో చదివినవారికి అదే తెలుసు. వాడుకలోని పదాన్ని బయట నిలబెట్టరాదు, ఎందుకంటే పనిచేసేవారికి అదే తెలుసు. వెదికేవాడు ఏ మాటతో వచ్చినా ఒకే గుమ్మానికి చేరాలి.

కాలంతో వచ్చే చిక్కు

సాంకేతిక విషయాల్లో తప్పులన్నీ అజ్ఞానంవల్ల పుట్టేవి కావు. రాసినప్పుడు నిజమైనది తరువాత నిజం కాకపోవడంవల్ల పుట్టేవే ఎక్కువ. 'సప్తగిరి' ఛానల్‌నే తీసుకుందాము. రాష్ట్ర విభజనకు ముందు ఆ పేరు హైదరాబాదు కేంద్రం ఛానల్‌ది. 2014లో హైదరాబాదు ఛానల్ 'యాదగిరి' అయింది. 'సప్తగిరి' పేరు విజయవాడకు వెళ్ళింది. పాత వ్యాసంలో ఊరి పేరు ఒక్కటి మార్చితే హైదరాబాదు చరిత్ర అంతా విజయవాడకు అంటగట్టినట్టవుతుంది. రెండు వ్యాసాలూ, వాటి పాత చరిత్రా ఎవరికి చెందాలో చర్చాపుటలో తేల్చుకున్న తరువాతే దిద్దాలి.

ఇంకా పెద్ద మార్పు యానలాగ్ నుంచి డిజిటల్‌కు జరిగినది. మన దేశం అనుసరించిన పాల్ పద్ధతిలో బొమ్మను 625 అడ్డగీతలుగా విడదీసి, సెకనుకు 25 బొమ్మల చొప్పున పంపేవారు. బొమ్మలోని వెలుగునీడలు తరంగం ఎత్తుపల్లాలుగా, ధ్వని తరంగం పౌనఃపున్యంలో హెచ్చుతగ్గులుగా ప్రయాణించేవి. దారిలో కలిసిన రొద కూడా తరంగం ఎత్తును మార్చేదే కనుక తెరమీద నేరుగా చుక్కలై కనిపించేది. సంకేతం బలహీనపడే కొద్దీ చుక్కలు పెరిగేవి, బొమ్మ మాత్రం కొంత మిగిలేది. చాలాసార్లు మాట స్పష్టంగా వినిపిస్తూనే ఉండేది. డిజిటల్‌లో బొమ్మ అంకెలుగా మారి, కుదించబడి ప్రయాణిస్తుంది. దారిలో చెడిన అంకెలను కొంతమేరకు సరిచేసుకునే ఏర్పాటు అందులోనే ఉంది కనుక సంకేతం తగ్గినా బొమ్మ చెక్కు చెదరదు. చెడినవి ఆ హద్దు దాటితే మాత్రం బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి, నిలబడిపోతుంది. "ఉంటే అద్దంమాదిరి, లేకుంటే నిలబడిపోతాది" అన్న మాటలో మేము గుర్తించిన శాస్త్రం ఇదే.

కేబుల్ డిజిటలీకరణ 2012 నుంచి 2017 దాకా నాలుగు దశల్లో జరిగింది. దూరదర్శన్ యానలాగ్ ప్రసారిణులు సరిహద్దు వంటి కొన్ని ప్రత్యేక ప్రాంతాల్లో తప్ప 2022 నాటికి మూతపడ్డాయి. కాబట్టి 'ప్రసారమవుతోంది' అని రాసిన వాక్యాలను 'ప్రసారమయ్యేది' అని మార్చవలసి ఉంది. ఈ పని ఒక్కరివల్ల కాదు. ఒక వ్యాసం దిద్దినవాడికి దాన్ని ప్రస్తావించిన మరో ముప్పై వ్యాసాలు తెలియకపోవచ్చు. వాక్యంలో 'ప్రస్తుతం' అని రాయక సంవత్సరాన్ని రాయాలి అన్న చిన్న నియమం అందరూ పాటిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

మూలం లేని మాట

ఇంతదాకా చెప్పినవన్నీ సంపాదకులు తమలో తాము పరిష్కరించుకోగలవే. వారి చేతిలో లేనిది ఒకటి ఉంది. వికీపీడియాలో ప్రతి వాక్యానికీ అచ్చయిన, నమ్మదగిన మూలం చూపాలి. సంపాదకుడు స్వయంగా చేసిన పరిశోధనకు, చెవితో విన్న మాటకు అక్కడ చోటు లేదు. ఈ నియమం సరైనదే. ఎవరైనా రాయగల చోట అది లేకపోతే నిజానికి, కల్పనకు గీత ఉండదు. అయితే ఈ నియమం ప్రకారం ఆనేకల్ దుకాణంలో మేము విన్న పావుగంట పాఠం విజ్ఞానసర్వస్వంలో అడుగుపెట్టలేదు. ఆ పెద్దమనిషి పుస్తకం రాయలేదు, రాయబోరు.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు జరిగిన సైట్ ప్రయోగం కూడా ఈ సందర్భంలో గుర్తుకు వస్తుంది. ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టెలివిజన్ చేరింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, కర్ణాటక పల్లెలూ ఉన్నాయి. తెలుగు, కన్నడం రెండు భాషల్లోనూ కార్యక్రమాలు వచ్చాయి. ఉపగ్రహం గురించి, రాకెట్ గురించి, లెక్కల గురించి ఆంగ్లంలో నివేదికలు దండిగా ఉన్నాయి. తీగవలతో అల్లిన ఆ పెద్ద ఏంటెనాను పంచాయితీ కప్పుమీద చూసి పల్లెవారు ఏమన్నారు, బొమ్మ పోతే ఏ మాటతో ఫిర్యాదు చేశారు అన్నవి ఆ నివేదికల పని కాదు. ఆనాడు పాతికేళ్ళ వయసున్నవారికి నేడు డెబ్బై అయిదు దాటాయి.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశానికి శ్రీకారం చుట్టినప్పుడు రైతు నోటి మాటకు మొదటిసారిగా శాస్త్రీయమైన అచ్చురూపం వచ్చింది. ఇవాళ నాగలి భాగాల గురించి ఎవరైనా వ్యాసం రాస్తే ఆ కోశాన్ని మూలంగా చూపవచ్చు. టీవీ మెకానిక్, కేబుల్ నిర్వాహకుడు, కప్పెక్కి ఏంటెనా తిప్పినవాడు కూడా వృత్తికారులే. వారి పదాలను అదే పద్ధతిలో, చెప్పినవారి ప్రాంతం, వయసు, చదివిన భాషలతో సహా సేకరించి అచ్చువేయవలసినవారు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలవారు, మావంటివారు. అచ్చయిన మరునాడే అది స్వచ్ఛంద సంపాదకులకు మూలమవుతుంది. వారు మన జీతగాళ్ళు కారు, మనం వారి యజమానులం కాము. వారి పనిలో లోటు ఎంచేముందు వారికి మనం అందించని సరుకు ఎంతో చూసుకోవాలి.

ఆ ఉద్దేశంతో మా పదసేకరణ పత్రంలో సేద్యం, నేతల పక్కన 'టీవీ, కేబుల్' అన్న శీర్షిక చేర్చాము. మొదటి పుటలో బొమ్మ, చుక్కలు, గళ్ళు, నిలబడిపోవడం అన్న నాలుగు మాటలు ఎక్కాయి. పాఠకులు తమ ఊళ్ళలో ఈ వృత్తిలో ఉన్న పెద్దల దగ్గర కూర్చుని విన్న మాటలను, ఊరిపేరుతో సహా మాకు రాసి పంపితే మిగిలిన పుటలు కూడా నిండుతాయి.